ఆర్మీ నుంచి పోలీస్‌లోకి: హవల్దార్‌గా రిటైర్ అవుతున్నాను, కానిస్టేబుల్‌కి ఇప్పటి నుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?

గన్నర్_హవల్దార్:

అందరికీ నమస్కారం. ఆర్టిలరీలో 17 ఏళ్ల సర్వీసు పూర్తి కావస్తోంది. వయసు 36, చదువు ఇంటర్. కొన్ని నెలల్లో పెన్షన్‌తో బయటికి వస్తాను. తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే అప్లై చేద్దామని ఉంది, ఏపీ కూడా చూస్తున్నాను. నాలుగు సందేహాలు. వయసు లెక్క ఎలా కడతారు? ఈవెంట్స్‌లో (పరుగు, జంప్ లాంటి శారీరక పరీక్షల్లో) మాకు సడలింపు ఎంత? సివిల్, ఏఆర్ (ఆర్మ్డ్ రిజర్వ్), బెటాలియన్లలో ఏది ముందు పెట్టాలి? అన్నిటికంటే ముఖ్యంగా, ఇన్నేళ్ల ఫౌజీ అలవాట్లలో స్టేషన్ డ్యూటీకి పనికొచ్చేవి ఏవి, ఇబ్బంది పెట్టేవి ఏవి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సైనిక్_డెస్క్:

వయసు గురించి దిగులు పడకండి అన్నా. రెండు రాష్ట్రాల్లోనూ మాజీ సైనికుడి అసలు వయసులోంచి సైన్యంలో చేసిన సర్వీసంతా తీసేసి, ఆపైన మరో 3 ఏళ్లు తీసేస్తారు. మీకైతే 36లోంచి 17, ఇంకో 3 పోతే 16. గరిష్ఠ పరిమితి 22 పెట్టినా 24 పెట్టినా మీరు లోపలే ఉంటారు. 16 వచ్చింది కాబట్టి 18 నిండలేదంటారేమోనని కొందరు కంగారు పడుతుంటారు. ఆ భయం అక్కర్లేదు, కనీస వయసు అసలు పుట్టిన తేదీ మీదే చూస్తారు. కేంద్ర బలగాల లెక్క మాటలో కాస్త వేరు: సర్వీసు తీసేశాక మిగిలిన వయసు పరిమితిని 3 ఏళ్లకు మించి దాటకూడదు.

రిజర్వేషన్ రాష్ట్ర పోలీసులో 2 శాతం. కేంద్రంలో గ్రూప్ సి పోస్టులకు 10 శాతం. రెండూ అడ్డం రిజర్వేషన్లే, అంటే మీ కులం కేటగిరీ లోపలే ఆ పోస్టు వస్తుంది. అందుకే కుల ధ్రువపత్రం, బీసీలైతే నాన్ క్రీమీలేయర్ కూడా, నోటిఫికేషన్ రాకముందే తీసి పెట్టుకోండి.

అసలు చిక్కంతా కాగితాల దగ్గరే. డిశ్చార్జ్ బుక్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్మీ రికార్డులో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది, లేదా హిందీలో రాసినవాళ్లు ఒక అక్షరం మార్చి ఉంటారు. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇది బయటపడితే అఫిడవిట్ల చుట్టూ తిరగాలి. మీరు ఇంకా యూనిట్‌లోనే ఉన్నారు కాబట్టి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) వేయించి ఇప్పుడే సరిచేయించుకోండి. మీ రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంపులో. బయటికి వచ్చాక అదే పనికి ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి, నెలలు పడుతుంది.

బయటికి రాగానే డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించి, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోండి. తెలంగాణలో లోకల్ స్టేటస్‌కి 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారో బోనఫైడ్ అడుగుతారు. 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే, కాబట్టి ఇది కులం సర్టిఫికెట్ అంత ముఖ్యం. పాత స్కూలు మూతపడి ఉంటే రికార్డు మండల విద్యాధికారి దగ్గర దొరకొచ్చు. ఈ సెలవులోనే వెళ్లి చూడండి. ఏపీలో మీరు నాన్‌లోకల్, అక్కడ పోటీ ఎక్కువ, పోస్టులు తక్కువ. రెండో ప్రయత్నంగానే పెట్టుకోండి.

అటెస్టేషన్ ఫారంలో (మీ పూర్వాపరాలు రాసిచ్చే ఫారంలో) దేన్నీ దాచకండి. పెండింగ్ కేసు, కుటుంబ తగాదాలో పెట్టిన కేసు, కాండక్ట్ షీట్‌లో రెడ్ ఇంక్ ఎంట్రీ (సర్వీసులో పడిన శిక్ష నమోదు), ఏదైనా సరే అడిగినచోట రాసేయండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: కేసు ఉండటం వేరు, ఉన్నదాన్ని దాచడం వేరు. చిన్న కేసు చెప్పినవాడి విషయంలో అధికారి విచక్షణతో ఆలోచించే వీలుంది. దాచినవాడు శిక్షణ మధ్యలో ఇంటికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇంకొకటి చాలామంది గమనించరు. కేంద్ర నిబంధనల్లో మాజీ సైనికుడి రిజర్వేషన్ ఒకసారి వాడుకుని సివిల్ ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే, ఆ తర్వాతి ఉద్యోగానికి ఆ హోదా ఉండదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. చేరకముందే వేరే పోస్టులకు అప్లై చేసి ఉంటే, చేరిన వెంటనే ఏ తేదీన దేనికి అప్లై చేశారో రాసి కొత్త ఆఫీసుకు డిక్లరేషన్ ఇవ్వాలి. 2014 ఆగస్టు 14 నాటి డీఓపీటీ (కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ) ఉత్తర్వు ఇది. కాబట్టి చేతికి ముందు దొరికిన చిన్న పోస్టులో చేరేముందు ఆలోచించండి. ఎస్పీఓ (స్పెషల్ పోలీస్ ఆఫీసర్) పోస్టులు కాంట్రాక్టువి, రెగ్యులర్ పోలీసు ఉద్యోగం కావు. అది గుర్తుంచుకుని చేరితే చేరండి.

ఎస్సై గురించి ఒక మాట. 15 ఏళ్ల సర్వీసున్న మెట్రిక్యులేట్‌ని గ్రాడ్యుయేట్‌తో సమానంగా చూడటం కేంద్ర గ్రూప్ సి పోస్టుల సంగతి. రాష్ట్ర ఎస్సై నోటిఫికేషన్‌లో ఆ మాట రాసి ఉంటే తప్ప దాన్ని నమ్ముకుని ఫీజు కట్టకండి.

గ్రౌండ్_కోచ్:

ఈవెంట్స్ నేను చెప్తాను. ఇవి 2022 నోటిఫికేషన్ల లెక్కలు, కొత్తది వస్తే దానితో పోల్చి చూసుకోండి.

తెలంగాణలో 1600 మీటర్ల పరుగు మామూలు అభ్యర్థులకు 7 నిమిషాల 15 సెకన్లు, మాజీ సైనికులకు 9 నిమిషాల 30 సెకన్లు. లాంగ్ జంప్ వాళ్లకు 4 మీటర్లు, మీకు 3.5. షాట్‌పుట్ 7.26 కిలోల గుండు, 6 మీటర్లు, ఇందులో మీకూ సడలింపు లేదు. మూడూ పాస్ కావాలి. ఏపీలో 1600 మీటర్లు తప్పనిసరి, మీకు 9 నిమిషాల 30 సెకన్లే. దాంతోపాటు 100 మీటర్ల పరుగు 16.5 సెకన్లలో గానీ, లాంగ్ జంప్ 3.65 మీటర్లు గానీ, రెండిట్లో ఒకటి చేస్తే చాలు.

ఫౌజీలు పరుగు గురించి ఎక్కువ, షాట్‌పుట్ గురించి తక్కువ ఆలోచిస్తారు. తిరగేసి ఆలోచించాలి. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండు 2 నిమిషాల 22 సెకన్లలో తిరిగితే మీ టైమ్ వచ్చేస్తుంది. బీపీఈటీలో (సైన్యంలో పెట్టే శారీరక సామర్థ్య పరీక్షలో) 5 కిలోమీటర్లు పరుగెత్తేవాడికి అది పెద్ద విషయం కాదు. పోయేదల్లా పక్కన 22 ఏళ్ల కుర్రాళ్లతో పోటీపడి మొదటి రౌండు 1 నిమిషం 35 సెకన్లలో కొట్టి, మూడో రౌండుకి చతికిలపడటం వల్లే. వాచీ చూసుకుని మీ రౌండు మీరు తిరగండి.

లాంగ్ జంప్‌లో బీపీఈటీ కందకం దూకిన ధైర్యం చాలదు. ఆ కందకం 9 అడుగులు, అంటే 2.74 మీటర్లు. ఇక్కడ 3.5 కావాలి, ఇంకో 76 సెంటీమీటర్లు. పైగా కందకం దాటడం వేరు, బోర్డు మీద కాలు పెట్టి దూకడం వేరు. కొలత బోర్డుకు దగ్గరగా ఇసుకలో పడిన గుర్తు నుంచి తీస్తారు. దిగాక వెనక్కి కూర్చుండిపోయి చేయి ఆనిస్తే అరమీటరు పోతుంది. దిగగానే మోకాళ్లు మడిచి బరువు ముందుకు వేయడం అలవాటు చేసుకోవాలి. అడుగులు వెనక్కి కొలిచి పరుగు మొదలుపెట్టే చోటు ఖాయం చేసుకోండి, లేకపోతే మూడు చాన్సులూ ఫౌలే.

షాట్‌పుట్ బీపీఈటీలో లేదు, అందుకే చాలామంది గుండు మొదటిసారి పట్టుకునేది రిటైరయ్యాకే. గుండును అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద పెట్టి, దవడ కింద మెడకు ఆనించి, మోచేయి పైకెత్తి తొయ్యాలి. బంతిలా విసిరితే దూరం పోదు సరికదా, మోచేయీ భుజమూ పట్టేస్తాయి. 36 ఏళ్లకు భుజం పట్టేస్తే ఆ రిక్రూట్‌మెంట్ పోయినట్టే. బలం కాళ్లలోంచి రావాలి. వారానికి మూడు రోజులు, రోజుకు 15 నుంచి 20 త్రోలు మించకండి. వేశాక వలయం వెనక సగం నుంచే బయటికి రావాలి. ముందుకు తూలి అడుగు పడితే త్రో లెక్కలోకి రాదు.

ఎత్తు కొలుచుకున్నారా? మన ప్రాంతం నుంచి సైన్యంలోకి 166 సెంటీమీటర్లకే తీసుకుంటారు. పోలీసులో మగవాళ్లకు 167.6 కావాలి. ఆ సెంటీమీటరున్నర దగ్గర ఆగిపోయేవాళ్లు ఉంటారు. కంటిచూపు అద్దాలు లేకుండా రెండు కళ్లకూ దూరం 6/6 అడుగుతారు. కలర్ బ్లైండ్‌నెస్, మెల్లకన్ను ఉంటే తీసుకోరు. గన్‌పొజిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు కాబట్టి వినికిడి పరీక్ష యూనిట్‌లో ఉండగానే చేయించుకుని మీ స్థితి తెలుసుకోండి.

రాత పరీక్షలో ప్రిలిమ్స్ 200 ప్రశ్నలు, 3 గంటలు. మాజీ సైనికులకు నోటిఫికేషన్‌లో పెట్టిన కనీస మార్కులు వస్తే తర్వాతి దశకి వెళ్తారు. కానీ ఉద్యోగం ఇచ్చేది చివరి రాత పరీక్ష మార్కులు. ఎక్కువగా దెబ్బ తగిలేది అర్థమెటిక్, రీజనింగ్‌లో. ఇంకో కనపడని ఇబ్బంది భాష. యూనిట్‌లో దొరికేవి హిందీ పుస్తకాలు, తెలంగాణ పేపరు వచ్చేది తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూల్లో. గ.సా.భా., ద్రవ్యోల్బణం, అధికరణం లాంటి మాటలు హాల్లో మొదటిసారి చూస్తే టైమ్ తింటాయి. మొదటి రోజు నుంచే తెలుగు పుస్తకాలు పట్టండి.

స్టేషన్_రైటర్:

హవల్దార్ గారూ, మీ నాలుగో ప్రశ్న గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నోటిఫికేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు గానీ దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

సమయపాలన, ఆయుధం పట్ల జాగ్రత్త, రాత్రి డ్యూటీ, మ్యాప్, వైర్‌లెస్, ప్రథమ చికిత్స, ఇవన్నీ నేరుగా పనికొస్తాయి. మారాల్సింది బాధ్యతను చూసే తీరు. సైన్యంలో పని సెక్షన్ చేస్తుంది, జవాబు కమాండర్ చెప్తాడు. పోలీసులో చట్టం అధికారాన్ని ఒక్కొక్కరి చేతికి విడివిడిగా ఇస్తుంది, కోర్టు జవాబు కూడా ఒక్కొక్కరినే విడివిడిగా అడుగుతుంది.

దీన్ని కాగితం మీద చూడండి. ఫౌజీ రిపోర్టులో ‘పార్టీ ఆయుధాన్ని స్వాధీనం చేసుకుంది’ అని రాస్తే చాలు. స్టేషన్‌లో అది సరిపోదు. రాత్రి గస్తీలో ఒకడి దగ్గర కత్తి దొరికిందనుకుందాం. తీసింది ఎవరు, పేరుతో. ఏ జేబులోంచి. బ్లేడు పొడవెంత, పిడి ఏ రంగు. టైమ్ ఎంత, ఏ స్తంభం దగ్గర, వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది. పంచ్‌లుగా (సాక్షులుగా) ఎవరిని పిలిచారు. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం రెండూ ఆడియో వీడియో రికార్డు చేయాలి, సెల్‌ఫోన్‌తో చేసినా చాలు, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. సైన్యంలో పడిన అలవాటు ఏమిటంటే, ఆయుధం కనపడగానే లాక్కుని భద్రం చేయడం. ప్రాణానికి ప్రమాదం ఉంటే అదే చేయండి, తప్పులేదు. ప్రమాదం లేనప్పుడు మాత్రం ముందు వీడియో ఆన్ చేసి, తర్వాత చేయి పెట్టాలి. కత్తిని జీపు డ్యాష్‌బోర్డులో పడేసి, రెండు గంటల తర్వాత స్టేషన్లో పంచనామా రాస్తే, డిఫెన్స్ లాయరు ఒకే ప్రశ్న వేస్తాడు: ఆ రెండు గంటలు కత్తి ఎవరి చేతిలో ఉంది? దానికి జవాబు లేకపోతే స్వాధీనం మీద ఎవరికీ నమ్మకం ఉండదు. అందుకే అక్కడికక్కడే కవరులో పెట్టి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి.

సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా అంతే. ‘మేము పట్టుకున్నాం’ అనకండి. నేను ఏం చూశాను, నేను ఏం విన్నాను, నేను ఏం చేశాను, అంతవరకే. పక్కవాడు చూసింది పక్కవాడే చెప్పాలి.

ఇప్పుడు బలప్రయోగం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 43 చదవండి. అరెస్టును ఎదిరించినా పారిపోతున్నా అవసరమైన మార్గాలన్నీ వాడొచ్చు. కానీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరం ఆరోపణ లేనివాడి ప్రాణం తీసే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు. మామూలు దొంగతనానికి మూడేళ్ల వరకే శిక్ష. పారిపోతున్న దొంగ మీద కాలిస్తే అది అరెస్టు కింద రాదు. ఆత్మరక్షణ హక్కు బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 34 నుంచి మొదలవుతుంది, 37 దానికి హద్దు పెడుతుంది: రక్షణకు అవసరమైనంత హాని, అంతకు మించి వద్దు. ఎదుటివాడి చేతిలోంచి కర్ర పడిపోయిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. గుంపు సంగతికి వస్తే, చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇచ్చేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి అధికారి), ఆయన లేకపోతే ఎస్సై అంతకు పైవాళ్లు. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 148. కానిస్టేబుల్ సొంతంగా లాఠీ ఎత్తే పని కాదు.

అదుపులోకి తీసుకున్నవాడి విషయంలో గార్డ్‌రూమ్ లెక్కలు మర్చిపోండి. మేజిస్ట్రేట్ ముందుకు 24 గంటల్లో తీసుకెళ్లాలి, ప్రయాణం టైమ్ మాత్రమే మినహాయింపు. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని గౌరవనీయుడో సాక్షి సంతకం చేయాలి. అరెస్టు చేసే పోలీసు నేమ్ బ్యాడ్జ్ కనపడాలి. పోలీసు దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో నేరాంగీకారంగా చెల్లదు, ఇది కొత్త సాక్ష్య చట్టం బీఎస్‌ఏ సెక్షన్ 23. వాడు చెప్పగా దొరికిన వస్తువు వరకే విలువ. కాబట్టి గట్టిగా అడిగి ఒప్పించడం అనే ఆలోచనే వ్యర్థం, పైగా నేరం.

ఇక మాట తీరు. స్టేషన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది తగాదాతోనో భయంతోనో వస్తారు. పరేడ్ గొంతుతో ‘ఏంటి విషయం?’ అంటే సగం మంది చెప్పాల్సింది చెప్పరు. కూర్చోబెట్టి, ఒక ప్రశ్న అడిగి, ఆగండి. ఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 కింద జీరో ఎఫ్‌ఐఆర్ అదే. ‘మా ఏరియా కాదు’ అనే మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

సివిల్, ఏఆర్, బెటాలియన్ అంటారా? ఏఆర్ పని ఎస్కార్టు, గార్డు, బందోబస్తు, ఆయుధాగారం. మీ అలవాట్లకు ఇదే దగ్గర. బెటాలియన్ కంపెనీలు వారాల తరబడి ఊళ్లు తిరుగుతాయి. 17 ఏళ్లు ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకుని పెట్టాలి. ఏపీఎస్పీకైతే (ఏపీ స్పెషల్ పోలీసు బెటాలియన్లకైతే) ఈవెంట్స్‌కి 100, రాతకి 100 మార్కులు. పైన రాసిన కాగితం పని, జనంతో పని మీకు నచ్చేలా ఉంటే సివిల్ మొదట పెట్టండి. అది చదివి విసుగు వచ్చి ఉంటే ఏఆర్ పెట్టండి, అందులో తక్కువేమీ లేదు.

గన్నర్_హవల్దార్:

అందరికీ ధన్యవాదాలు. ఎత్తు 169, అది ఇబ్బంది లేదు. పేరులో మాత్రం తేడా ఉంది, రేపే క్లర్కుతో మాట్లాడతాను. స్టేషన్_రైటర్ గారూ, పై అధికారి ఆర్డర్ ఇస్తే కింది కానిస్టేబుల్‌కి రక్షణ ఉండదా? అలాగే జీతం, పెన్షన్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

స్టేషన్_రైటర్:

ఉంటుంది, ఆర్డర్ చట్టబద్ధమైతేనే. బీఎన్‌ఎస్ సెక్షన్ 14 కింద ఇచ్చిన ఉదాహరణే సైనికుడిది: చట్టం చెప్పినదానికి లోబడి, పై అధికారి ఆజ్ఞతో గుంపు మీద కాల్చిన సైనికుడు నేరం చేసినవాడు కాడు. ఆ ‘చట్టానికి లోబడి’ అన్న ముక్కే ప్రాణం. ఆర్డర్ చట్టాన్ని దాటితే ఇచ్చినవాడితోపాటు చేసినవాడూ ముద్దాయే. సందేహం ఉన్నప్పుడు ‘సర్, జీడీలో ఎంట్రీ వేయించమంటారా?’ అని మర్యాదగా అడగండి. ఎవరు, ఏ టైమ్‌కి, ఏ పనికి పంపారో జనరల్ డైరీలో పడితే మీకూ మంచిది, ఆర్డర్ ఇచ్చినవారికీ మంచిది. ఎస్సై మీకంటే పదేళ్లు చిన్నవాడు కావచ్చు. అయినా సర్ అనే పిలవాలి, మీ హవల్దార్ ర్యాంకు ఇక్కడ లెక్కలోకి రాదు. శిక్షణ 9 నెలలు, అక్కడ కూడా అందరితోపాటే.

సైనిక్_డెస్క్:

జీతం తగ్గుతుంది, ముందే తెలుసుకోండి. 2020 పీఆర్సీలో (వేతన సవరణలో) తెలంగాణ కానిస్టేబుల్ స్కేలు 24,280 నుంచి 72,850. ఏపీ 2022 పీఆర్సీలో 25,220 నుంచి 80,910. ఇప్పుడు మీకు వస్తున్న ఎంఎస్పీ (మిలిటరీ సర్వీస్ పే) 5,200 ఇక్కడ ఉండదు. సైనిక పెన్షన్ మాత్రం విడిగా వస్తూనే ఉంటుంది. చేరేటప్పుడు పీపీఓ కాపీ ఇచ్చి, పే ఫిక్సేషన్ ఎలా చేశారో రాతపూర్వకంగా తీసుకోండి. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో) తిరిగి ఉద్యోగంలో చేరిన విషయం నమోదు చేయండి. డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) మీద తర్వాత రికవరీ పడేది అది చెప్పని వాళ్లకే.

అగ్నివీర్_2023:

సర్, ఇదే దారిలో అడుగుతున్నాను. మా నాలుగేళ్లు అయ్యాక మాకు కూడా ఈ 2 శాతం వర్తిస్తుందా?

సైనిక్_డెస్క్:

లేదు తమ్ముడూ. అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి వచ్చినవాళ్లకు మాజీ సైనికుడి హోదా ఉండదని నియామక షరతుల్లోనే రాసి ఉంది. కాబట్టి ఫారంలో ‘ఎక్స్ సర్వీస్‌మన్’ గడిలో టిక్ పెట్టకు, వెరిఫికేషన్‌లో తప్పుడు సమాచారం కింద పడుతుంది. మీకు వేరే కోటా ఉంది: కేంద్ర సాయుధ బలగాలు, అస్సాం రైఫిల్స్‌లో మాజీ అగ్నివీరులకు 10 శాతం కేటాయిస్తామని 2022లో కేంద్ర హోం శాఖ ప్రకటించింది, వయసు సడలింపు 3 ఏళ్లు, మొదటి బ్యాచ్‌కు 5 ఏళ్లు. రాష్ట్ర పోలీసు విషయం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చే ఉత్తర్వును బట్టి ఉంటుంది. నోటిఫికేషన్‌లో ‘అగ్నివీర్’ అనే మాట విడిగా రాసి ఉందో లేదో చూసి, లేకపోతే నీ మామూలు కేటగిరీలో, మామూలు టైమింగ్‌కే సిద్ధం అవ్వు: తెలంగాణ అయితే 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు.